మా పాటల సాయంత్రానికి మావను పిలిచాను

మా ఊరు హుకుంపేట మండలంలో, రోడ్డు దిగి గెడ్డ దాటితే వస్తుంది. గెడ్డకు ఇవతల ఇరవై రెండు గడపలు, అవతల నలభై. ఇవతల ఎక్కువమందిమి చర్చికి వెళ్తాం. అవతల వాళ్ళు శంకు దేవుణ్ణీ, జాకరనూ కొలుస్తారు. రెండు గట్ల వాళ్ళం చుట్టాలమే. మా అమ్మ అవతల గట్టు ఆడపడుచు. అందరి ఇళ్ళలోనూ ఆదివాసీ ఒడియానే. అయినా నా చిన్నతనం నుంచీ ఆ గెడ్డ నీళ్ళకంటే లోతుగానే ఉంది.

2017 డిసెంబరులో మా చర్చి కుర్రాళ్ళు సంగీత మహోత్సవం పెడదామన్నారు. క్రిస్మస్‌కు వారం ముందు పెద్దగా చేస్తే అవతల గట్టు వాళ్ళూ వస్తారు, సువార్త వింటారు అని వాళ్ళ ఆశ. నేనూ అదే ఆశపడ్డాను. ఇది దాచుకోవలసిన మాట కాదు. నేను నమ్మినది నా వాళ్ళు కూడా వినాలని నాకు ఉంటుంది. టీచరమ్మ కాబట్టి లెక్కలు, ఏర్పాట్లు నాకే అప్పగించారు.

కాఫీ పళ్ళ డబ్బు అప్పుడప్పుడే చేతికొస్తోంది. ఇంటికింత అని చందా వేసుకున్నాం. పాడేరు నుంచి సౌండు బాక్సులు, షామియానా, జనరేటరు తెచ్చాం. కింద మైదానం నుంచి కీబోర్డు, ప్యాడ్లు వాయించే పాటల బృందాన్ని పిలిచాం. కుర్చీలు మూడు వందలు. మొత్తం ముప్పై ఎనిమిది వేల రూపాయలు అయింది. ఒక కుర్రాడు బాక్సులు రెండింటినీ అవతల గట్టు వైపు తిప్పి పెట్టాడు. వాళ్ళకు బాగా వినపడాలని.

బాగానే వినపడింది. కానీ ఎవరూ రాలేదు. మూడు వందల కుర్చీల్లో మేం అరవై మందిమి కూర్చున్నాం. అందరమూ మావాళ్ళమే, ప్రతి ఆదివారం చర్చిలో కూర్చునేవాళ్ళమే. మంచు దిగుతోంది. అవతల గట్టు మీద నెగడు వెలగడం నాకు కనిపించింది. వాళ్ళు దాని చుట్టూ కూర్చున్నారు. వింటున్నారేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న గెడ్డ దగ్గర మా మేనమావ కోడెల్ని కడుగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏటి కోడలా, మీ దేవుడికి చెముడేటి?"

నేనూ నవ్వాను. అతను మాత్రం నవ్వు ఆపేశాడు.

"నవ్వులాట కాదే. రేతిరి ఈ కోడెలు రెండూ పలుపులు తెంపుకున్నాయి. మనింట్లో బాలింతుంది, పసిగుంట నిదరోలేదు. మేమందరం లేచొచ్చి మంట దగ్గర కూకున్నాం. ఎప్పుడాపుతారా అని."

వాళ్ళు ఎందుకు కూర్చున్నారో అప్పుడు తెలిసింది. ముప్పై ఎనిమిది వేలు పెట్టి నా మేనమావ ఇంట్లో పసిబిడ్డ నిద్ర చెడగొట్టాను. ఆ రోజు బడిలో పిల్లలు ఏం చదివారో నాకు గుర్తు లేదు.

మా మావ మోరి వాయిస్తాడు. థింసా ఆడే ఊళ్ళలో పుట్టినవాళ్ళకు మోరి అంటే చెప్పక్కర్లేదు. డప్పు, తుడుము, కిరిడి, జోడుకొమ్ములు అన్నీ ఉన్నా మోరి అందుకున్నాకే కాళ్ళు కదులుతాయి. ఒకప్పుడు మావ మోరికి తుడుము మా అయ్యది. బావా బావమరుదులు జోడీగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో పెళ్ళిళ్ళకు వాయించారు.

1987లో నేను నాలుగో తరగతిలో ఉండగా మా అయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. అమ్మకు జబ్బు చేసి, ప్రార్థన చేశాక నెమ్మదించింది. అది అతని సాక్ష్యం, దాన్ని నేను తక్కువ చేయను. ఆ రోజు కింద నుంచి వచ్చిన బోధకుడు, తుడుము, మోరి, డప్పు అన్నీ దయ్యాల వాయిద్యాలు, విడిచిపెట్టాలి అన్నాడు. మా అయ్య తుడుమును అటక ఎక్కించాడు. దాని చర్మం ఎలకలు కొట్టేశాయి. ఆ తరవాత మావ మోరికి వేరేవాళ్ళు తుడుము వాయించారు గాని, ఆ జోడీ మళ్ళీ కుదరలేదని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. నా పెళ్ళి చర్చిలో జరిగింది. మావ వచ్చాడు. లోపలికి రాలేదు. చింతచెట్టు కింద కూర్చుని, మేం బయటికొచ్చాక నా చేతిలో కొత్తచీర పెట్టి వెళ్ళిపోయాడు. మోరి తేలేదు. తెమ్మని మేం అడగలేదు.

చెముడు మాట విన్న తరవాత నేను చాలా రోజులు ఆలోచించాను. భీమిలి డైట్‌లో మాకు మొదట నేర్పిన పాఠం, పిల్లవాడిని తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్ళాలని. 2004లో మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టి ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చినప్పుడు, ఆదివాసీ ఒడియా పుస్తకం పట్టుకుని నేను ఒకటో తరగతి చెప్పాను. అంతకుముందు తెలుగు వాచకం ముందు నోరు విప్పని పిల్లలు, తమ ఇంటి మాట తెలుగు లిపిలో చూసి ఎగబడి చదివారు. బడిలో అది నాకు తెలుసు. చర్చికొచ్చేసరికి ఆ పాఠం మరిచిపోయాను. మేం పాడిన పాటల్లో ఒక్కటి కూడా మా ఇంటి భాషలో లేదు, ఒక్క వరసా మా కొండది కాదు.

జనవరిలో సంఘపెద్దల సమావేశంలో లెక్క అప్పజెప్పి, వచ్చే ఏడు వేరేగా చేద్దామన్నాను. థింసా వాయిద్యాలతో, మన భాషలో చేద్దామన్నాను. గొడవైంది. ఒక పెద్దాయన లేచి, మీ అయ్య విడిచిపెట్టినదాన్ని నువ్వు మళ్ళీ లోపలికి తెస్తావా అన్నాడు. మా అయ్య అక్కడే ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు.

నేను రెండు సంగతులు చెప్పాను. మొదటిది 150వ కీర్తన. అందులో బూర ఉంది, తంబుర ఉంది, పిల్లనగ్రోవి ఉంది, తాళాలు ఉన్నాయి, నాట్యం కూడా ఉంది. పిల్లనగ్రోవి పవిత్రమైతే మోరి ఎందుకు కాదు? రెండోది మనం చేతపట్టుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలు రాసినప్పుడు మైదానం వాళ్ళకు అప్పటికే చెవికి అలవాటైన రాగాలు, తాళాలు వాడారు. ఆ రాగాల్లో అంతకుముందు వేరే దేవుళ్ళ పాటలు ఉన్నాయని ఆయన వాటిని వదిలెయ్యలేదు. మైదానం వాళ్ళకు చెల్లినది మనకెందుకు చెల్లదు? రాంచీ వైపు కథోలిక చర్చిల్లో ఆదివాసీలు మాందర్ వాయిస్తూ పాడతారు. 1963లో వాటికన్ మహాసభే ప్రజల సొంత సంగీతానికి ఆరాధనలో చోటివ్వాలని చెప్పింది.

అది కథోలికుల సంగతి, మనకెందుకు అన్నారు. కానీ 150వ కీర్తనకు ఎవరూ జవాబు చెప్పలేదు. చివరికి ఒక్క ఏడాది చేసి చూద్దామన్నారు. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, మోరితోనైనా సరే, వాళ్ళు వచ్చి వాక్యం వింటే అంతే చాలు" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు బాగానే అనిపించింది. అందులో ఉన్న తప్పు నాకు చూపించింది మావే.

కోతలయ్యాక, నవంబరులో, వలిసెలు పచ్చగా పూసి ఉన్నప్పుడు మావ ఇంటికి వెళ్ళాను. అత్త చోడి అంబలి ఇచ్చింది. వచ్చిన పని చెప్పాను. మావ చాలాసేపు చుట్ట కాల్చాడు.

"మోరి వాయిస్తే నేను మీలో కలిసిపోతాననుకుంతన్నారా?"

లేదు మావా అన్నాను.

"అబద్ధమాడకే. అలగనుకోపోతే అన్నేసి వేలు ఎందుకు పెట్టీసినారు?"

నిజం చెప్పాను. మీరు వినాలని నాకుంది మావా, వినమని అడగడానికి నాకు హక్కుంది, వద్దనడానికి నీకు హక్కుంది అన్నాను. దానికి అతను తలూపాడు. అప్పుడు షరతులు చెప్పాడు. నేను పలకల మీద రాసుకునే పిల్లలా వేళ్ళు ముడుస్తూ గుర్తుపెట్టుకున్నాను.

మొదటిది, బోడ థింసా వాయించడు. అది ఊరి దేవతకు ఆడేది, దాని వరస తీసుకెళ్ళి మీ దేవుడి మాటలు పెట్టకూడదు. ఆకులు కోసే పొతర్ తోల, వంగి రాళ్ళేరే గొడ్డి బేట, పులిని చూసి ఆడే బాగ్ థింసా పనివి, అడవివి, అందరివీ. అవి ఎంతైనా వాయిస్తాడు. రెండోది, మీ కథ చెప్పుకోండి, కానీ ఒకసారే, మొదట్లోనే, మీరెవరో చెప్పి మరీ చెప్పండి. పాట మధ్యలో దూర్చకండి. మూడోది, మా వాళ్ళను చేతులెత్తమని, ముందుకు రమ్మని అడగకండి. జబ్బు మనిషి కనిపిస్తే అడక్కుండా నెత్తి మీద చెయ్యి పెట్టకండి. నాలుగోది, అన్నం అందరం ఒకే పంక్తిలో తినాలి.

"పక్షిని పట్టడానికి పిట్టకూత కూస్తాం కదే. మీరు నా మోరిని ఆ కూత చేసుకోకండి. నాకంతే గావాల."

పాస్టరు గారి మాటలో నాకు దొరకని తప్పు అదే. మోరి మీద ఇష్టం ఉండి పిలవడం వేరు, మోరిని ఎరగా వాడడం వేరు. మా అయ్య దగ్గర తుడుము దయ్యమని తీసేసుకున్నప్పుడు ఒక తప్పు జరిగింది. ఇప్పుడు మోరి పనికొస్తుందని తెచ్చుకుంటే రెండో తప్పు జరిగేది. రెండింటిలోనూ వాయించే మనిషి లెక్కలో లేడు.

షరతులు విని సంఘపెద్దల్లో ఇద్దరు కోప్పడ్డారు. పిలుపు లేకపోతే అది సువార్త సభ ఎలా అవుతుంది అన్నారు. ఒక కుటుంబం ఆ నెలలోనే పక్క ఊరి ప్రార్థన మందిరానికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ తిరిగి రాలేదు. అవతల గట్టు మీద కూడా గొడవైంది. దిసారి మావను పిలిచి, మోరి పట్టుకుని ఆ గుమ్మం తొక్కుతావా అని మందలించాడు. ఇద్దరం మా మా గట్ల మీద మాటలు పడ్డాం.

నేను కూడా నాకో షరతు పెట్టుకున్నాను. కుర్రాళ్ళు బడి గ్రౌండులో పెడదాం, చోటు బాగుంటుంది అన్నారు. కుదరదన్నాను. నా తరగతి పిల్లల చేత పాట పాడిద్దామన్నారు. అదీ కుదరదన్నాను. సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. చట్టం అలా ఉంచండి. అవతల గట్టు తల్లి తన బిడ్డను నా దగ్గరకు పంపేది అక్షరాల కోసం. ఆ నమ్మకం మీద ఇంకేదీ పెట్టకూడదు. ఆ పిల్లలు తమ అమ్మానాన్నలతో వస్తే రావచ్చు. నేను మాత్రం తరగతిలో ఆ సంగతే ఎత్తలేదు.

మైకుకు పోలీసుస్టేషన్లో రాసిచ్చి అనుమతి తెచ్చాం. రాత్రి పదింటి తరవాత మైకు కూడదని నియమం. మేం తొమ్మిదిన్నరకే ఆపుదామనుకున్నాం. బాక్సులు ఒక్క జత, అవీ చర్చి వైపు తిప్పి పెట్టాం. కుర్చీలు లేవు, గడ్డి పరిచాం. నడుమ నెగడు. బియ్యం, కోళ్ళు, రాజ్మా ఇంటింటి నుంచీ తెచ్చారు. మొత్తం ఖర్చు తొమ్మిది వేలు దాటలేదు.

2018 డిసెంబరులో ఆ సాయంత్రం పాస్టరు గారు ఆరు నిమిషాలు మాట్లాడారు. పశువుల పాకలో పుట్టిన బిడ్డ కథ చెప్పారు. నేను ఆదివాసీ ఒడియాలోకి మార్చి చెప్పాను. ఇది మేం నమ్మే సంగతి, మీరు వచ్చినందుకు సంతోషం, ఇక పాటలు అని ముగించారు. ఆయన మాట నిలబెట్టుకున్నారు. అందుకు ఆయనకు ఎంత కష్టమైందో ముఖంలో తెలిసింది.

తరవాత తమాషా జరిగింది. మా కీబోర్డు కుర్రాడు మోరి శ్రుతి పట్టుకోలేకపోయాడు. మీట పైకీ కిందకీ నొక్కాడు. మోరి అతని మెట్ల మీద ఎక్కడా నిలవలేదు, రెండింటి మధ్య ఎక్కడో ఉంది. అతను చూసి చూసి కీబోర్డు కట్టేసి డప్పు అందుకున్నాడు. మేం పొతర్ తోల వరసలో మా భాషలో రాసుకున్న రెండు పాటలు పాడాం. అవతల గట్టు ఆడవాళ్ళు ఆ వరసకు తమ ఆకుల పాట పాడారు. మేం విన్నాం. మా పాటకంటే వాళ్ళది బాగుంది. అవతల నుంచి ఎంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు గాని, వండిన అన్నం చాలక రెండోసారి ఎసరు పెట్టాం. నడుముల వెనక చేతులు కట్టుకుని వరస కట్టినప్పుడు ఎవరు ఏ గట్టు వాళ్ళో గుర్తుపట్టడం కష్టమైంది. మేం ప్రార్థన చేసినప్పుడు మాత్రం మావ, ఇంకో నలుగురు లేచి కాస్త దూరం వెళ్ళి చుట్ట కాల్చుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

మా అయ్య మొదటి నుంచి చివరి దాకా గడ్డి మీద కూర్చునే ఉన్నాడు. ఎవరో తుడుము తెచ్చి ముందు పెట్టారు. ముట్టుకోలేదు. తొమ్మిదిన్నరకు ఆపి ఇంటికి నడుస్తుంటే చీకట్లో అన్నాడు.

"మూడో చుట్టులో మీ మావకి దమ్ము సరిపోలేదు. అక్కడ తుడుము కూసింత ఆగాల. ఆ గుంటడికి తెలవదు."

ముప్పై ఏళ్ళుగా అతను తుడుము ముట్టలేదు. కానీ ఎక్కడ ఆగాలో మరిచిపోలేదు.

ఆ నెల చర్చి రిజిస్టరులో, కొత్తగా చేరినవారు అనే గడిలో సున్నా వేశాం. నేనే వేశాను. మమ్మల్ని వద్దన్న పెద్దాయన ఆ సున్నా మీద వేలు పెట్టి చూపించాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. నేను కోరుకున్నది జరగలేదు. అయినా అది దండగ అని చెప్పలేను.

ఎందుకంటే చైత్రంలో ఇటుకల పండుగకు మావ మనిషిని పంపాడు. చర్చి వాళ్ళందరినీ రమ్మన్నాడు. మా గట్టుకు అలా పిలుపు రావడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. అప్పుడు మా అసలు పరీక్ష మొదలైంది. మేం పిలిస్తే వాళ్ళు రావాలని అంత ఆశపడ్డాం కదా, వాళ్ళు పిలిస్తే మేం వెళ్తామా? సగం మంది వెళ్ళలేదు. అది వాళ్ళ మనస్సాక్షి, నేను తప్పు పట్టను. నేను వెళ్ళాను. బోడ థింసా కట్టినప్పుడు పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ రమ్మనలేదు, బొట్టు పెట్టలేదు, ప్రసాదం చేతిలో పెట్టలేదు. బాగ్ థింసా మొదలయ్యాక అత్త వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. మావ మాకు పెట్టిన షరతులన్నీ తను కూడా పాటించాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో కొందరు చర్చికి వెళ్తారు, కొందరు మన పాత దేవుళ్ళను కొలుస్తారు, కొందరు రెండూ వద్దంటారు. మతం మారినవాడు ఆదివాసీ కాదని ఇప్పుడు కొందరు సభలు పెట్టి చెబుతున్నారు. షెడ్యూల్డు తెగల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు లేదు. అది చట్టం మాట. కానీ చట్టం మనల్ని ఒకే జాబితాలో ఉంచగలదు గాని, ఒకే నెగడు దగ్గర కూర్చోబెట్టలేదు. ఆ పని మనమే చేసుకోవాలి.

మీ ఊళ్ళో ఇలాంటి పాటల సాయంత్రం పెట్టాలనుకుంటే నా అనుభవం నుంచి చెప్పేది కొంచెమే. మీ నమ్మకం దాచకండి. ముందు వెళ్ళి అడగండి, వాళ్ళ షరతులు వినండి. దేవుడి పాటను దేవుడికి వదిలేసి, పని పాటను పంచుకోండి. వాళ్ళు పిలిచిన రోజు మీరు వెళ్ళలేకపోతే, వాళ్ళను పిలిచేముందు ఒకసారి ఆలోచించండి. టీచర్లకు ఇంకొక్క మాట. బడి పిల్లల్ని ఇందులోకి లాగకండి.

కరోనా రెండేళ్ళు తప్ప ప్రతి డిసెంబరూ చేస్తున్నాం. రిజిస్టరు గడిలో ఈ కార్యక్రమం వల్ల చేరినవాళ్ళు ఇప్పటికీ లేరు. మావకు దమ్ము తగ్గింది, మోరి ఇప్పుడు అతని మనవడు వాయిస్తున్నాడు. 2017 డిసెంబరు రాత్రి నిద్రపోని పసిబిడ్డకు అన్న అతను. మొన్న సంతలో మావ కనిపించి అడిగాడు.

"ఏటి కోడలా, ఈయేడు ఏ తారీకు?"